శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు: ఉచ్చారణవిద్యకు జీవితము నర్పించిన యుపాధ్యాయులు

పరభాష నేర్చుకొన బూనిన బాలునికి మొదట నెదురగు కష్టము వ్యాకరణము గాదు. పదముల యర్థమును గాదు. అది ఉచ్చారణము. అర్థము తెలియకున్న నిఘంటువు చెప్పును. వ్యాకరణము తప్పిన గురువు దిద్దును. కాని నోరు తిరుగకున్నచో తోడివారు నవ్వుదురు. ఒక్కమారు నవ్వులపాలైన బాలుడు రెండవమారు నోరు తెరవడు. వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల పల్లెలనుండి ఇంగ్లీషు చదువునకై బిడ్డలను బంపుచున్న తల్లిదండ్రులకు ఈ సంగతి యొకరు చెప్పవలసిన పనిలేదు. ఇంటివద్ద గలగల మాటలాడు పిల్లవాడు ఇంగ్లీషు తరగతిలో మూగవాడగుట వా రెరుగుదురు.

నోటిమాటను తక్కువగా జూడరాదనియు, భాషకు ప్రాణము పలుకుననే యున్నదనియు, దానిని చెవితో బట్టి నోటితో సాధించుట యొక శాస్త్రమనియు మన యాంధ్రదేశమున మొట్టమొదట గట్టిగా జాటిన మహనీయులు శ్రీ గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు. వ్యావహారికభాషోద్యమమునకు నాయకులుగా వారిని లోకమెల్ల నెరుగును. వారి జన్మదినమగు ఆగస్టు 29వ తేదీని తెలుగుభాషాదినోత్సవముగా జరుపుకొనుచున్నాము. అయినను ఆ యుద్యమమునకు వెనుక నున్న యుపాధ్యాయుని, ధ్వనిశాస్త్రజ్ఞుని ఎరిగినవారు కొలదిమంది మాత్రమే. కావున వారి జీవితము నా వైపునుండి చెప్పుట ఈ వ్యాసమున కుద్దేశము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని, వంశధారానదీతీరమున శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమందున్న పర్వతాలపేటయను గ్రామమున జన్మించిరి. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. ముఖలింగము కళింగదేశపు ప్రాచీనక్షేత్రము. మన ఉదయగిరిదుర్గము 1514వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయల వశమగువరకు గజపతుల యేలుబడిలో నుండెను గదా! అట్లు ఆ యుత్తరదేశమునకును మన కొండలకును పూర్వమొక సంబంధము గలదు.

ప్రాథమికవిద్య స్వగ్రామముననే జరిగెను. 1875లో తండ్రిగారు విషజ్వరముచే స్వర్గస్థులైరి. పండ్రెండేండ్ల బాలుడు బంధువుల యాదరమున విజయనగరమున మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో జేరి 1880 వరకు నచ్చట జదివెను. తరువాత కన్యాశుల్కనాటకకర్తగా బ్రసిద్ధికెక్కిన గురజాడ అప్పారావుగా రాయనకు సహాధ్యాయులు. ఈ బాల్యస్నేహము ముప్పదేండ్ల పిమ్మట దేశభాషాచరిత్రను మార్చునని యప్పు డెవ్వరును తలంచి యుండరు. 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో గృతార్థులైరి. ఆ సంవత్సరమే వివాహమును జరిగెను.

పై చదువునకు వసతి లేదు; కుటుంబభారము మీద బడెను. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు ఉపాధ్యాయులుగా బ్రవేశించిరి. పగలు పాఠములు చెప్పుచు, తీరిక దొరికినప్పుడు తాము చదువుకొనుచు, కళాశాలలో గాలుపెట్టకయే 1886లో ఎఫ్.ఏ. పరీక్షయు, పిమ్మట చరిత్ర ప్రధానవిషయముగా బి.ఏ. పరీక్షయు ముగించిరి. పాఠశాల కళాశాలగా బెరిగినపుడు ఆ పై తరగతులకు బాఠములు చెప్పు నర్హత వారికి గలిగెను. ముఖలింగాలయములందలి శాసనములను స్వయముగా జదివి ప్రాచీనలిపులను గూడ సాధించిరి. వారికి గురువు పుస్తకము. పరీక్షకుడు తమ మనస్సాక్షి.

పంతులుగారు ఎఫ్.ఏ. పరీక్ష ముగించిన యా 1886వ సంవత్సరముననే ఐరోపాఖండమున మరియొక విశేషము జరిగెను. ఫ్రాన్సుదేశపు పారిసునగరమున పాల్ పాసీయను నుపాధ్యాయుడును మరికొందరును గూడి, ఫ్రెంచిబాలురకు ఇంగ్లీషు పలుకుబడి నేర్పుటకై యొక సంఘమును స్థాపించిరి. ఇంగ్లీషుభాషలో వ్రాత యొకటి, పలుకు మరియొకటి. ఒకే యక్షరము పలుతావుల బలువిధముల బలుకబడును. పుట్టుకతో ఆ భాష రానివారికి ఇది యడవిలో దారివంటిది. అందుచే వారు ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క గుర్తు నేర్పరచి, ముందు చెవికి, తరువాత నోటికి, ఆ పిమ్మట కంటికి భాషను నేర్పవలెనని నిశ్చయించిరి. ఇప్పుడు ప్రపంచమంతట వాడుకలో నున్న అంతర్జాతీయ ధ్వనిలిపి యిట్లు ఉపాధ్యాయుల యవసరమునుండి పుట్టినది. ఇంగ్లండున హెన్రీ స్వీటు పండితుడును, డెన్మార్కున ఆటో యెస్పర్సను పండితుడును ఈ మార్గముననే గ్రంథములు రచించిరి. స్వీటుగారు భాషాభ్యాసపద్ధతిని గూర్చి వ్రాసిన గ్రంథము 1899లోను, పరభాషాబోధనమును గూర్చిన యెస్పర్సనుగారి గ్రంథము ఇంగ్లీషున 1904లోను వెలువడెను. కొండలచాటున నున్న పర్లాకిమిడిలో గూర్చుండి పంతులుగారు ఈ పండితుల గ్రంథములను దెప్పించుకొని చదివి జీర్ణించుకొనిరి.

అయితే గ్రంథములు చదువువారు పెక్కురు. చదివినదానిని దమ నాలుకపై బరీక్షించుకొనువా రరుదు. పంతులుగారి కా పరీక్షాస్థలము సవరభాష. పర్లాకిమిడి చుట్టునున్న కొండలలో సవరలు నివసింతురు. సంతలకు దిగివచ్చినపుడు వారి మాట తెలియక యంగళ్లవారును, అధికారులును వారిని హేళనచేయుటయు, మోసపుచ్చుటయు గలదు. వారి భాషను నేర్చి, వారికి వారి మాటతోనే విద్య చెప్పవలెనని పంతులుగారికి సంకల్పము గలిగెను. తెలుగును సవరభాషయు వచ్చిన యొక సవరను దమ యింటనే యుంచుకొని యాయన యొద్ద శిష్యులై యీ యభ్యాసము నారంభించిరి. ఆ కాలమున నొక బ్రాహ్మణోపాధ్యాయుడు కొండవానిని గురువుగా నంగీకరించి యింట నిలుపుకొనుట సామాన్యవిషయము గాదు. అయినను మాట తెలిసినవాడే గురువు అను సూత్రమునకు వారు గట్టుపడిరి.

సవరభాష మన భాషకు జ్ఞాతి గాదు. అది ముండాకుటుంబమునకు జేరినది. సంతాలీ, ముండారీ భాషలు దానికి దగ్గరి చుట్టములు. బర్మాలోని మోను, కాంబోడియాలోని ఖ్మేరు దూరపు చుట్టములు. మనము వాక్యముగా జెప్పుదానిని వారు తరచు క్రియలోనే నామమును గలిపి యొక్క మాటగా జెప్పుదురు. ఇక ధ్వనుల మాట. గొంతులో ఊపిరిని క్షణకాలము బిగబట్టి విడుచు నొక ధ్వని యందు గలదు. దానికి మన వర్ణమాలలో అక్షరము లేదు. అక్షరము లేని ధ్వని మన చెవికి వినబడదు. విన్నను లేనట్లే తోచును. పరభాష నేర్చువారి కెల్లరకు నిదియే మొదటి చిక్కు. మనము చెవితో వినుచున్నా మనుకొందుము. నిజమునకు మాతృభాషలోని యక్షరములతో వినుచుందుము. పంతులుగారు ఈ యలవాటును బ్రయత్నపూర్వకముగా విడిచి, వినబడిన ధ్వనిని వినబడినట్లు గ్రహించుటకు దీక్షబూనిరి. తాము రచించిన సవరవ్యాకరణమునకు బేరుపెట్టునపుడు సైతము ఆ జాతిపేరులోని దీర్ఘములను ధ్వనిలిపిలోని రెండు చుక్కల గుర్తుతోనే చూపిరి. పుస్తకపు మొదటిపుటయే ఉచ్చారణపాఠమయ్యెను.

ఈ పరిశ్రమకు వారు చెల్లించిన వెల మిక్కిలి పెద్దది. కొండలలో దిరుగుటచే మలేరియా జ్వరము పట్టెను. దానికి మందుగా గొయినా సేవింపవలసివచ్చెను. ఆ కొయినా వలన చెవులకు దోషము గలిగి వినికిడి చెడిపోయెను, మరల రాలేదు. పాఠకులు క్షణకాలము నిలిచి యాలోచింపుడు. చిత్రకారునికి జూపు పోయిన నెట్టిదో, ధ్వనిశాస్త్రజ్ఞునికి వినికిడి పోవుట యట్టిది. ఏ సాధనముతో ఆ భాషను సంపాదించిరో, ఆ సాధనమునే ఆ భాష కొరకు గోల్పోయిరి. మరియొకరైన నచటితో జాలించి యుందురు. పంతులుగారు చాలింపలేదు. చెవి బాగున్న దినములలో సంపాదించిన దానిని కాగితముమీద నిలుపుటకు దక్కిన జీవితమును వినియోగించిరి. సుమారు ముప్పదియైదేండ్ల కృషికి ఫలముగా సవరభాషావ్యాకరణము 1931లోను, సవర-ఇంగ్లీషు కోశము 1938లోను మద్రాసు ప్రభుత్వమువారిచే ముద్రింపబడెను. ముండాభాషలలో నొకదానిని ఇంత శాస్త్రీయముగా బరిశీలించిన భారతీయులలో వారే ప్రథములని భాషాశాస్త్రజ్ఞులు గౌరవించుచున్నారు.

గ్రంథముతోనే వారు తృప్తి నొందలేదు. సవరభాషలో బాఠ్యపుస్తకములు వ్రాసి, సొంత ధనముతో సవరబాలురకు బాఠశాలలు పెట్టి, ఉపాధ్యాయులకు జీతము లిచ్చిరి. ఆ యుపాధ్యాయులు సవరభాషలోనే బోధింపవలెనని యేర్పాటు. బాలుడు తన నోట నున్న మాటతో నక్షరములు నేర్చిన పిమ్మట పరభాష నేర్చుట సులభమని వారి విశ్వాసము. ఈ సేవను మెచ్చి 1913లో ప్రభుత్వమువారు వారికి బిరుద మిచ్చిరి.

ఇంతలో 1906, 1907 సంవత్సరముల ప్రాంతమున జె. ఏ. యేట్సు దొరగారు ఉత్తరసర్కారుల పాఠశాలలకు బరీక్షాధికారిగా వచ్చిరి. ఆయన తెలుగు నేర్చుకొనుచున్న విదేశీయుడు. పుస్తకములలో జదివిన తెలుగు వీథిలో వినబడదు. వీథిలో విన్న తెలుగు పుస్తకములలో గనబడదు. ఈ భేద మేలయని యాయనకు సందేహము గలిగెను. విశాఖపట్టణమున మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాలకు బ్రధానాచార్యులుగా నుండిన పి. టి. శ్రీనివాసయ్యంగారిని అడుగగా, గురజాడవారును గిడుగువారును దీనికి సమాధానము చెప్పగలరని యాయన సూచించెను. శ్రీనివాసయ్యంగారు ఇంగ్లీషు బోధనమున నప్పటికే పేరుపొందినవారు. ఇంగ్లీషును వాడుకభాషగా నేర్పవలెనని పాశ్చాత్యులు కనిపెట్టిన మార్గము తెలుగునకు మాత్ర మేల వర్తింపరాదని యీ నలువురును ఆలోచించిరి. ఇట్లు పరదేశీయుడు పలుకుబడి నేర్చుకొన బోయి పడిన చిక్కునుండియే మన భాషాచరిత్రలో గొప్ప యుద్యమము పుట్టెను. ఇది యించుక విచిత్రమే. స్వభాషలోని లోపము దానిలో బుట్టి పెరిగినవానికి గనబడదు; వెలుపలనుండి వచ్చి తడబడినవానికే కనబడును.

1907 మొదలు పంతులుగారు ఊరూరను జరిగిన యుపాధ్యాయసభలలో జీవద్భాషాప్రాధాన్యమును గూర్చి యుపన్యసించిరి. 1911లో ముప్పదేండ్ల సేవ ముగించి యుద్యోగమునుండి విరమించిరి. 1913లో ఆధునికాంధ్రభాషను గూర్చి ఇంగ్లీషున నొక విజ్ఞాపనగ్రంథమును బ్రకటించిరి. 1919 ఫిబ్రవరి 28వ తేదీని రాజమహేంద్రవరమున వర్తమానాంధ్రభాషాప్రవర్తకసమాజ మేర్పడెను. కందుకూరి వీరేశలింగం పంతులుగారు దాని కధ్యక్షులు. రామమూర్తి పంతులుగారు కార్యదర్శి. ఆ సంవత్సరమే తెలుగు అను మాసపత్రికను నడిపిరి.

ప్రతిపక్షమువారు సామాన్యులు గారు. జయంతి రామయ్యపంతులుగారివంటి విద్వాంసులు గ్రాంథికపక్షమున నిలిచిరి. మన నెల్లూరు సీమవారి కాత్మీయులగు వేదము వేంకటరాయశాస్త్రులవారును ఆ పక్షమువారే. శాస్త్రులవారు తమ ప్రతాపరుద్రీయనాటకమున ఆయా పాత్రలకు దగిన వాడుకమాటలను అత్యంతచమత్కారముగా వాడినవారు. కాని శాస్త్రగ్రంథములకును బాఠ్యపుస్తకములకును వాడుకభాష తగదని వారి మతము. ఇరువురును భాషాభిమానులే. ఒకరికి భాష కాపాడవలసిన నిధి. మరియొకరికి నేర్పవలసిన విద్య. ఈ భేదమును గ్రహించినచో నా వాదములోని కారము తగ్గి సారము కనబడును. తుదకు 1924లో కాకినాడలో ఆంధ్రసాహిత్యపరిషత్తు వ్యావహారికభాషపై నున్న నిషేధమును దొలగించెను.

ఇక పంతులుగారి మార్గమున బోయి నేటి మన బాలుర ఇంగ్లీషు నొకసారి పరీక్షింతము. పల్లెబాలుడు స్కూలును ఇస్కూలు అనును. స్టేషనును టేసను అనును. ఇది మందబుద్ధి గాదు. అచ్చతెలుగు మాట యేదియు సకారము వెనువెంట మరియొక హల్లుతో మొదలుకాదు. కనుక నాలుక ముందొక యచ్చును జేర్చుకొనును. లేదా సకారమును విడిచిపెట్టును. మన మాటలు సామాన్యముగా అచ్చుతో ముగియును. అందుచే బస్ అను మాట బస్సగును, రైల్ అను మాట రైలగును. మన తకారమునకు నాలుక పండ్లను దాకును. టకారమునకు వెనుకకు మడచుకొనును. ఇంగ్లీషువారి ధ్వని ఈ రెండింటి నడుమ, పండ్లకు పైనున్న చిగురుగట్టు వద్ద బుట్టును. మనకు వకార మొక్కటే, వారికి రెండు. ఒకదానికి బై పండ్లు క్రింది పెదవిని దాకవలెను. రెండవదానికి బండ్లతో బని లేదు, పెదవులు గుండ్రముగా జేయవలెను. ఇట్లు స్థానమును జూపి చెప్పిన గురువు పదిసార్లు తప్పు తప్పని యరచిన గురువుకంటె మేలు.

అంతకంటె ముఖ్యమైనది ఊనిక. తెలుగున నక్షరములన్నియు దాదాపు సమముగా నడచును, హ్రస్వదీర్ఘములే భేదము. ఇంగ్లీషున నొక యక్షరముపై బలము పడి తక్కినవి నలిగిపోవును. ఫొటోగ్రాఫ్ అనునపుడు మొదటి యక్షరమును, ఫొటోగ్రఫర్ అనునపుడు రెండవ యక్షరమును ఊదవలెను. ఊనిక తప్పినచో ధ్వను లన్నియు సరిగానున్నను పరదేశీయునికి మాట యర్థము గాదు. మరియొక సంతోషకరమైన సంగతి గలదు. బ్యాంకు మొదలగు మాటలలోని యచ్చునకు మనకు బ్రత్యేకాక్షరము లేదు. కాని మేలు, మేక అను మాటలను బలికి చూడుడు. వ్రాతలో రెండును ఏకారమే. చాలమంది నోట మేకలోని యచ్చు వేరుగా, నోరు మరికొంత తెరచుకొని, ఆ ఇంగ్లీషు ధ్వనికి సమీపముగా బలుకును. ధ్వని మన నోట నున్నది. అక్షరము లేకుండుటచే నున్నట్లు మన మెరుగము. పిల్లవానికి లేనిదానిని దెచ్చిపెట్టుట కంటె, ఉన్నదానిని జూపుట సుకరము. మాతృభాషయందలి పలుకును జక్కగా నెరిగిన యుపాధ్యాయుడే పరభాషయందలి పలుకును నేర్పగలడనుట కిదియే తార్కాణము. హైదరాబాదున 1958లో ఇంగ్లీషు బోధనమునకై కేంద్రసంస్థ యేర్పడి, ఉపాధ్యాయులకు ధ్వనిశాస్త్రమును నేర్పుట మొదలుపెట్టినది. పంతులుగా రంతకు బూర్వము అర్ధశతాబ్దముననే యొంటరిగా నా దారి ద్రొక్కిరి.

1934లో పంతులుగారికి కైసరీహిందు పతకము లభించెను. 1936లో ఒరిస్సారాష్ట్ర మేర్పడి పర్లాకిమిడి యందు జేరగా, అర్ధశతాబ్దము నివసించిన యా యూరిని విడిచి రాజమహేంద్రవరమునకు వచ్చిరి. డెబ్బదేండ్లు దాటిన వయస్సున, వినికిడి లేని వృద్ధుడు, తాను గట్టిన సంసారమును విడిచి వచ్చుట యెంత కష్టమో యూహింపవచ్చును. 1938లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణబిరుదముతో వారిని సత్కరించెను. 1940 జనవరి 22వ తేదీని వారు పరమపదించిరి. కుమారులు సీతాపతిగారు తండ్రి మార్గముననే భాషాసేవ గావించిరి.

వ్యావహారికమునకై పోరాడిన మహనీయుని చరితమును గ్రాంథికమున వ్రాయుట తగునాయని కొందరు శంకింపవచ్చును. పంతులుగారు ప్రాచీనభాషను ద్వేషించినవారు గారు. కావ్యములను వారు చదివినంత నిశితముగా జదివినవారు తక్కువ. పూర్వగ్రంథములనుండి ప్రయోగములను గుప్పలుగా దెచ్చి చూపి వాదించిరి. పాతభాష రాకుండ దానిని రాసినట్లు నటించుటయు, రానిదానిని బాలురపై రుద్దుటయు మాత్రమే వారు నిరసించిరి. ఈ నియమము ఇంగ్లీషునకును వర్తించును. మన పిల్లలు దొరలవలె నటింపనక్కరలేదు. తాము చెప్పునది యెదుటివారి కర్థమగునట్లు స్పష్టముగా బలికిన జాలును.

మన కందుకూరు ప్రాంతపు ఓగూరున 1784లో బుట్టిన వెన్నెలకంటి సుబ్బారావుగారు స్వయంకృషిచే ఇంగ్లీషు నేర్చి, మద్రాసు సదరుకోర్టున భాషాంతరీకరణము చేసి, ఆ భాషలోనే స్వీయచరిత్ర వ్రాసికొనిరి. బాలు రర్థము తెలియక వల్లించుటను గూర్చి 1820లోనే మద్రాసు పాఠ్యపుస్తకసంఘమువారికి విన్నవించిరి. కావున ఈ సీమవారికి బరభాష కొత్త గాదు. దానిని నేర్చు సామర్థ్యమును గొరతపడినది గాదు. కొరతపడినది ఓర్పు. ఉపాధ్యాయులు పలుకుబడిని మొదట దాము విని, దాము సాధించి, పిమ్మట బాలునికి జూపవలెను. తల్లిదండ్రులు బిడ్డ తడబడినపుడు నవ్వరాదు, తోడివారిని నవ్వనీయరాదు. పంతులుగారు సవరవాని యెదుట గూర్చుండి, ముప్పదేండ్లవయస్సున, పసిబిడ్డవలె నొక్కొక్క ధ్వనిని తప్పుచు దిద్దుకొనుచు నేర్చినవారు. అంతటివాడు తడబడుటకు సిగ్గుపడలేదు. మన బాలుడును సిగ్గుపడకుండునట్లు చేయుట మన ధర్మము. అదియే ఆ మహనీయునికి మనము చేయదగిన స్మృతిపూజ.